పాతవి తీసెయ్

వదిన లాప్‌టాప్‌ను బల్లమీద పెట్టి, "ఒరేయ్, ఇది నన్ను నట్టేట ముంచేలా ఉందిరా" అన్నప్పుడు మరిదికి నవ్వొచ్చింది. అతనిది పేరున్న రిపేరు షాపు. తన పనితనమంటే అతనికి మహా ముద్దు. మీట నొక్కి చెవి ఆనించాక ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. లోపల హార్డ్ డిస్కు టక్ టక్‌మని కొట్టుకుంటోంది.

వదిన చెవులు వినపడని పిల్లలకు టీచరు. రెండేళ్లు కూర్చుని, చేతి సైగల బొమ్మలతో వాళ్లకు పాఠాలు తయారుచేసింది. అవి ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేవు. సాయంత్రం ఐదింటికల్లా ప్రెస్సుకు అందకపోతే ఈ ఏడాది పిల్లల చేతికి పుస్తకం రానట్టే.

"భారమంతా నీదేరా" అని చెప్పి ఆవిడ బడికి పరుగెత్తింది.

మరిది పది స్క్రూలు విప్పి, పాత డిస్కు లాగేసి, కొత్తది బిగించాడు. పెన్ డ్రైవ్ గుచ్చి విండోస్ ఎక్కించాడు. అది ఎక్కుతూ ఎక్కుతూ రెండుసార్లు ఆరిపోయి, అతని ప్రాణాలు తోడేసి, మూడున్నరకు తెర చూపించింది. అసలు గండం అప్పుడు మొదలైంది. పాత డిస్కును కేబుల్‌తో తగిలిస్తే, అది దయతలచి రెండు ఫోల్డర్లు బయటపెట్టింది. ఒకటి ‘పాతవి’, రెండోది ‘కొత్తవి’. కాపీ చేయడానికి రెండింటి మీదా టిక్కు పెట్టాడు. టక్ టక్ ఎక్కువైంది. రెండూ వచ్చేదాకా ఇది బతకదని అతనికి తెలిసిపోయింది.

బడికి ఫోన్ చేశాడు. "వదినా, డిస్కు కొనఊపిరితో ఉంది. పాతవి, కొత్తవి అని రెండున్నాయి. ఏం చేయను?"

"పాతవి తీసెయ్‌రా, చాలు!" అని ఆవిడ హడావిడిగా పెట్టేసింది.

మళ్లీ అడుగుదామా అనిపించింది. పాతవంటే అక్కర్లేనివే కదా, ఇంత దానికి రెండోసారి ఫోన్ చేస్తే పని రానివాణ్ణనుకుంటుంది అని పెద్దమనిషి తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ‘పాతవి’ మీది టిక్కు తీసేశాడు.

‘కొత్తవి’ తొంభై శాతం దగ్గర ఆగింది. మరిది కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఒకటి, రెండు అంటూ కదిలి ఎట్టకేలకు వంద చూపించింది. ఆ వెంటనే డిస్కు కీచుమని మూగబోయింది. గెలిచాననుకున్నాడు అతను.

నాలుగుంబావుకు వదిన రొప్పుతూ వచ్చింది. "పాతవి తీశావట్రా?"

"అప్పుడే తీసేశాను."

"నా బంగారుకొండ!" ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నిలబడిన చోటునుంచే ప్రెస్సుకు ఫోన్ చేసింది. "పాఠాలన్నీ దక్కాయండీ. అరగంటలో మీ దగ్గరుంటాయి."

పాఠాలన్న మాట వినగానే అతను గిరుక్కున తిరిగాడు. "వదినా, పాఠాలు కొత్తవాట్లో కదా ఉన్నాయి?"

"వాటిలో ఏముందిరా? వచ్చే ఏటికని మొదలుపెట్టిన నాలుగు ముక్కలు. పూర్తయినవన్నీ పాతవాట్లోనే కదా పెట్టుకున్నాను. అందుకే వాటిని బయటికి తీసెయ్‌మన్నాను."

"తీసెయ్‌మంటే... వదిలెయ్‌మన్నారనుకున్నాను."

ఆవిడకు ఆ మాట తలకెక్కడానికి కాసేపు పట్టింది. ఈలోగా అతను డిస్కును మళ్లీ తగిలించాడు. కేబుల్ మార్చాడు. రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకున్నాడు. ఒక్కసారి టక్‌మన్నా దానికి దండం పెట్టేవాడే. ఏ చప్పుడూ లేదు.

తిడుతుందనుకున్నాడు. తిట్టాలనే కోరుకున్నాడు. చిన్నప్పుడు తనకు స్నానాలు చేయించి, అన్నాలు తినిపించిన మనిషి ఆవిడ. చెంప పగలగొట్టినా అడిగేవాడు లేడు. ఆవిడ లాప్‌టాప్ మూసింది. సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది.

"పెద్ద ల్యాబుకు పంపుదాం వదినా. ఎన్ని నెలలు పట్టినా సరే, నేను..."

"వద్దులెండి" అంది ఆవిడ, వెనక్కి తిరగకుండానే. "మీరు ఇప్పటికే చాలా శ్రమపడ్డారు."

ఆవిడ నోట తనకు ‘మీరు’ వినపడటం అదే మొదటిసారి. మరిది ఆ డిస్కును చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.