మూడో డబ్బా

ఓటింగ్ ముగిసి దుప్పటి పరదా లాగేసరికి, రెండు డబ్బాలు ఉండాల్సిన బల్ల మీద మూడు డబ్బాలున్నాయి.

మూడోదాంట్లోనూ గింజలున్నాయి.

టైమ్‌కీపర్ రాజేశ్వర్ డబ్బాలు మళ్ళీ లెక్కపెట్టాడు. ఎడారిలోని మఫ్రఖ్ లేబర్ క్యాంపులో తెలుగువాళ్ళ మెస్‌కి ప్రెసిడెంటును ఎన్నుకునే తంతు ఏటా అతని చేతుల మీదుగానే జరుగుతుంది. పొద్దున తనే స్వయంగా రెండు ఖాళీ నెయ్యి డబ్బాలు బల్ల మీద పెట్టాడు. ఒకదాని మీద మేక బొమ్మ, అది లింబాద్రి గుర్తు. రెండోదాని మీద చేప, అది సూరిబాబు గుర్తు. ఇప్పుడు ఆ రెండింటి మధ్య, పిలవని పేరంటానికి వచ్చినట్టు, మూడో డబ్బా కూర్చుని ఉంది. దాని మీద కోడి.

క్యాంపులో సగం మందికి చదువు రాదు. అందుకని తలుపు దగ్గర తలా ఒక శనగ గింజ ఇస్తారు. పరదా వెనక్కి వెళ్ళి నచ్చిన డబ్బాలో వేసి రావాలి. చివర్లో గింజలు లెక్కపెట్టరు, వంటింటి తక్కెడలో తూస్తారు. బరువున్న డబ్బా వాడే ప్రెసిడెంటు.

ప్రెసిడెంటు చేతిలో ఉండేవి రెండే: సెలవు రోజైన శుక్రవారం కూర ఏదో, వంటమనిషి ఎవరో. కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళది మేక పార్టీ. గోదావరి జిల్లాల వాళ్ళది చేప పార్టీ. మేకవాళ్ళు నలుగురు ఎక్కువ కాబట్టి ఏటా మేకే గెలుస్తోంది.

ఈసారి మాత్రం పోటీ కూర దగ్గర ఆగలేదు. వంటమనిషి హయాత్ బాషా కడపకు శాశ్వతంగా వెళ్ళిపోతున్నాడు. ఆ పని సూరిబాబు తన బావమరిది మంగరాజుకు ఇస్తానన్నాడు. మంగరాజు ఆగస్టు ఎండలో, సైటులో తను కట్టిన ఇనుప కడ్డీల మీదే కూలిపోయాడు. మళ్ళీ ఎండలోకి వెళ్ళొద్దని డాక్టరు చెప్పాడు. ఈ నెలలోగా నీడపట్టున పని చూసుకోకపోతే ఖలాస్, ఇంటికి టికెట్టు చేతిలో పెడతానని ముదీర్, అదే కంపెనీ మేనేజరు, తేల్చేశాడు. మంగరాజు భార్య బేబీ అల్ ఐన్‌లో ఒక అరబ్బు ఇంట్లో పని చేస్తోంది. అతను వెళ్ళిపోతే ఈ దేశంలో ఆమె ఒక్కతే మిగులుతుంది. సూరిబాబు గెలవాలని మంగరాజు మొక్కని దేవుడు లేడు.

"ఎవలు వెట్టిన్రురా గీ డబ్బ?" లింబాద్రి కేకకు రేకుల కప్పు అదిరింది.

"మమ్మల్నడుగుతారేటండీ? మీ ఎత్తే అయ్యుంటది!" సూరిబాబు లుంగీ ఎగ్గట్టాడు. "నేను ఓటేసినప్పుడు రెండే ఉన్నాయి."

"నేనేసినప్పుడు గూడ రెండే. మనమిద్దరమే గద మొదలు లోపలికి వోయింది!"

రాజేశ్వర్ జనం వైపు తిరిగాడు. "లోపట మూడు డబ్బలు కనవడితే ఒక్కలన్న బయటికచ్చి చెప్పద్దా?"

"ఎట్ల చెప్తం సార్?" వెనక నుంచి హన్మంతు గొంతు. లింబాద్రి గెలిస్తే వంటింటి గరిటె అతనిదే. "పరదా ఎన్క ఏం జూసినా బయట చెప్తే ఓటు కొట్టేస్తనని పొద్దున నువ్వే ఒర్రితివి. కొత్త రూలేమో అనుకున్నం."

"నువ్వు దేనికేసినవ్?"

"నేనెక్కడేసిన? లైన్ల నిలవడి నిలవడి ఆకలైంది. ఓటు తిన్న."

మెస్ గొల్లుమంది. లింబాద్రి నవ్వలేదు. తను వంటమనిషిని చేద్దామనుకున్నవాడే తన ఓటు నమిలేశాడు.

"ఎన్నిక క్యాన్సిల్!" అన్నాడు సూరిబాబు.

"క్యాన్సిలే!" అన్నాడు లింబాద్రి.

రాజేశ్వర్ చెయ్యి ఎత్తాడు. "ఆగున్రి. అమెరికాల ఏమైంది?"

అందరూ ఆగారు. అమెరికా ప్రెసిడెంటు ఎన్నిక మొన్న మంగళవారమే అయింది. సైటులో పనిచేసే అమెరికన్ ఇంజినీరు చెప్పిన కబుర్లన్నీ నెల రోజులుగా రాజేశ్వర్ టీ గ్లాసుతో పాటు పంచుతూనే ఉన్నాడు. అక్కడా రెండే పార్టీలు. మధ్యలో ఒకాయన ఇండిపెండెంటుగా నిలబడ్డాడు.

"గా మూడో ఆయన గెలువలే. గెలుస్తడని ఎవలనుకోలే. గని రెండు పార్టీలోళ్ళకు నిద్ర వట్టలే. ఎందుకంటే మూడోడు ఎవల ఓట్లు తింటడో, ఆడు మునుగుతడు."

సూరిబాబు మొహం వెలిగిపోయింది. మాంసం తినేవాడే కదా కోడికి పడిపోయేది! ఈ కోడి తిన్నది మేక ఓట్లే.

లింబాద్రి మొహమూ వెలిగింది. గెలవని చేపకు వేసి వేసి విసిగినవాళ్ళే కదా కొత్త గుర్తు వెతుక్కునేది! ఈ కోడి తిన్నది చేప ఓట్లే.

"తూసెయ్యండి రాజేశ్వర్ గారూ!"

"తూయున్రి! యల్లా!"

హయాత్ బాషా తక్కెడ తెచ్చి దూలానికి కట్టాడు. మొదట మేక, చేప. ముల్లు అటూ ఇటూ ఊగి, మేక వైపు కొద్దిగా వాలింది. మేకవాళ్ళు ఈల వేశారు. రాజేశ్వర్ చేప గింజలు తీసి ఆ పళ్ళెంలో కోడి గింజలు గుమ్మరించాడు.

కోడి పళ్ళెం ధబీమని బల్లకు తగిలింది. ఎదుటి పళ్ళెంలోంచి మేక ఓట్లు రెండు ఎగిరి హన్మంతు ఒళ్ళో పడ్డాయి.

"తినకురా!" అరిచాడు లింబాద్రి.

సూరిబాబు తన వాళ్ళ వైపు తిరిగాడు. "మనోళ్ళు కూడానా?"

"చేపకేత్తే ఎలాగూ ఓడిపోతాం గదండీ," అన్నాడొకడు, ధైర్యం చేసి. "కోడికేత్తే మేకన్నా తప్పుద్దని..."

లింబాద్రి వాళ్ళలోనూ ఒకడు గొణిగాడు. "మేక మేక అంటవు గని అన్నా, నువ్వు వెట్టేది ఆస్ట్రేలియా ముసలి గొర్రె. గంట నమిలినా అట్లనే ఉంటది."

ఇండిపెండెంటు ఓడించడానికి పుడతాడని రాజేశ్వర్ చెప్పాడు. ఈ ఇండిపెండెంటు ఇద్దర్నీ తిని కూర్చున్నాడు. అయితే ఆ మహానుభావుడెవరు?

మూడేళ్ళలో మొదటిసారి లింబాద్రి, సూరిబాబు భుజం భుజం కలిపి నిలబడ్డారు.

"దొంగను దొరకబట్టాలె!"

"పట్టుకుని ముదీర్‌కి అప్పజెప్పాలండి! రేపే టికెట్టు!"

రాజేశ్వర్ మూడో డబ్బాను తిప్పి తిప్పి చూశాడు. కోడి బొమ్మ అట్టపెట్టె నుంచి కత్తిరించింది. జారకుండా చుట్టూ సన్నటి ఇనుప తీగ కట్టారు. ముడి దగ్గర అతని వేలు ఆగింది. తీగను రెండుగా మడిచి, కొక్కెంతో మెలిపెట్టి, కొస లోపలికి వంచారు. రోజూ సైటులో అతను వేల కొద్దీ చూసే ముడి.

"కడ్డీలు కట్టేటోళ్ళ ముడి ఇది," అన్నాడు మెల్లగా.

సూరిబాబు ఎగిరి గంతేశాడు. "చెప్పానా! కడ్డీల గ్యాంగంతా మీవోళ్ళే లింబాద్రి గారూ! ఇంకేటి దాత్తారు?"

లింబాద్రి చూపు డబ్బా మీద నుంచి పరదా మీదకు, పరదాను గోడకు కట్టిన తీగ మీదకు వెళ్ళింది. అక్కడా అదే ముడి.

"అందరు మావోళ్ళు గాదు సూరిబాబన్నా. ఒక్కడు మీవోడున్నడు. పొద్దున పరదా గట్టింది ఎవలు?"

తలలన్నీ ఒకేసారి తిరిగాయి. నీళ్ళ డ్రమ్ము పక్కన మంగరాజు, గోడలోకి దూరిపోయేంతగా ఒదిగి నిలబడి ఉన్నాడు. సూరిబాబు ఎగ్గట్టిన లుంగీ దించేశాడు. మంగరాజు రెండడుగులు ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"నేనే బావా. మీరిద్దరూ ఓట్లేసి బయటికొచ్చాక పరదా జారిందని చెప్పి లోపలికెళ్ళాను, దుప్పట్లో చుట్టుకుని డబ్బా అట్టుకెళ్ళాను. కోడి బొమ్మ హయాత్ బాషా గారు పారేసిన అట్టపెట్టెది. ఆయనకేం తెలీదండీ, ఆయన్నేమీ అనకండి. రాజేశ్వర్ గారు అమెరికా కబురు చెప్పిన కాణ్ణించీ నా బుర్ర నిలవలేదు. మేకోళ్ళు ఓ పదిమంది కోడికేత్తే చాలు, మా బావ గెలిచేత్తాడు, నాకు వంటపని వచ్చేత్తది అనుకున్నాను. గెలవాలని పెట్టలేదండీ, బేబీ మీదొట్టు! నా ఓటు కూడా చేపకే ఏశాను. మీరంతా ఇలా ఎగబడి కోడికేత్తారని కల గన్నానా? ఎండలోకెళ్తే పడిపోతాను. ఇంటికెళ్తే బేబీ ఇక్కడ ఒక్కత్తే అయిపోద్ది. నాకింకో దారి కనపళ్ళేదు. ఇప్పుడు ముదీర్‌కి అప్పజెప్తారో, ప్రెసిడెంటునే చేత్తారో మీ దయ. ప్రెసిడెంటుని చేత్తే మట్టుకు వంటోణ్ణి నేనే. తర్వాత మోసమనకూడదు కాబట్టి ఒక్క మాట ముందే చెప్పేత్తున్నానండీ... కోడికూర నాకు రాదు. చేపల పులుసొక్కటే వచ్చు."