శాంతాబాయికి పేనిన తాడు

నాందేడ్‌లో రైలుపట్టాల పక్కన, గోదాముల వెనకున్న ఖాళీ జాగాలో లింగమూర్తి, శాంతాబాయి ముప్పయ్యేళ్లకు పైగా తాళ్లు పేనారు. ఆమె ఒక చివర కూర్చుని రాట్నం తిప్పేది. అతను నడుముకు గోగునార చుట్టుకొని, నార వదులుతూ వెనక్కి నడిచేవాడు. ఎప్పుడు నెమ్మదించాలో, ఎప్పుడు ఆపాలో తాడు బిగువును బట్టే ఆమెకు తెలిసిపోయేది. వాళ్లకు పిల్లలు లేరు. ఉన్నదల్లా ఈ పనే.

నైలాన్ తాళ్లు వచ్చాక బేరాలు పడిపోయాయి. ఎద్దుల పండుగ పోళాకు ముందు మాత్రం కొత్త పగ్గాలు, ముకుతాళ్లు కావాలని ఉమ్రి, మర్ఖేల్ అంగళ్లలో ఇంకా అడుగుతారు. ఏడాదికి అదొక్కటే సీజను.

పోయిన ఏడాది ఆ సీజనులోనే శాంతాబాయి రాట్నాన్ని ఎదురు తిప్పింది. పేనిన తాడంతా పురి విడిపోయి నేలమీద పడింది.

"ఏందే, నిద్రవోతున్నవా?" అని లింగమూర్తి అరిచాడు.

ఆమె తన చేతిని చూసుకుంది. "ఎటు తిప్పాల్నయ్యా?"

అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె నిజంగానే అడుగుతోంది.

సర్కారు దవాఖానలో డాక్టరు మరాఠీలో నెమ్మదిగా చెప్పాడు. మతిమరుపు జబ్బట. గోలీలు వాడొచ్చు గానీ తగ్గేది కాదు, పెరిగేదే. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో శాంతాబాయి, "ఎవలికి బాగలేదయ్యా?" అని అడిగింది.

"నాకే," అన్నాడు లింగమూర్తి.

ఈ ఏడాది, మూతపడిన ఒక పిండిగిర్నీ నుంచి పాత మోటారు తెచ్చి రాట్నానికి బిగించాడు. ఆమె ఊరికే కూర్చోలేకపోయింది. తిరుగుతున్న చక్రం దగ్గరికి పోయి పిడి కోసం వెతికింది. బెల్టులో కొంగు పడింది. అతను పరుగెత్తి వైరు పీకేసరికి సగం చీర చుట్టుకుపోయింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. మర్నాడు అతను నార తడుపుతుండగా ఆమె లేచి పట్టాల మీదికి నడిచింది. రైల్వే గేటు దగ్గర పనిచేసే మనిషి చెయ్యి పట్టుకొని తెచ్చి అప్పగించాడు.

"జర చూసుకోండ్రి కాకా. ఇంకోపారి నేనుంటనో లేనో."

ఆ సాయంత్రం లింగమూర్తి నారలోంచి మెత్తటి పోగులు ఏరాడు. ఒరుసుకోకుండా నూనె రాసి సన్నటి తాడు పేనాడు. అంత శ్రద్ధగా అతను ఏ తాడూ పేనలేదు. పొద్దున్నే ఆమె కుడిచేతికి దాన్ని వదులుగా కట్టి, రెండో కొసను గోదాము కిటికీ ఊచకు ముడివేశాడు. కింద చాప పరిచి, పోయి మోటారు వేశాడు.

మధ్యాహ్నం పక్కింటి సుశీలాబాయి చల్ల తీసుకొచ్చి చూసింది.

"గిదేం పని అన్నా! మనిషిని గొడ్డు లెక్క కట్టేస్తరా?"

"మరి ఏం చెయ్యాలె చెల్లె? నువ్వే చెప్పు."

సుశీలాబాయి ముడి విప్పింది. "నడు వదినె, మా ఇంట్ల కూసుందువు," అంటూ తీసుకుపోయింది. పొద్దు గూకకముందే తిరిగి తీసుకొచ్చింది. శాంతాబాయి పొయ్యి అంటించకుండా గ్యాస్ తిప్పి వదిలేసిందట. లోపల మనవరాలు నిద్రపోతోందట.

"నాతోని గాదన్నా. మాఫ్ చెయ్యి," అని ఆమె అక్కడే నిలబడి ఏడ్చింది.

మర్నాడు లింగమూర్తి తాడు పట్టుకొని బయటికి వచ్చేసరికి సుశీలాబాయి వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. అతన్ని చూసి, మిగతా బట్టలు బకెట్‌లోనే వదిలేసి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

గోదాము కిటికీ దగ్గర అతను ఆమె చేతికి ముడి వేస్తుంటే శాంతాబాయి తాడును వేళ్లతో తడిమింది. బేరానికి వచ్చిన మనిషిలా పురిని నొక్కి చూసింది.

"మంచిగున్నది. ఎవలు పేనిన్రు?"

అతను రెండో కొసను ఊచకు ముడివేశాడు.

"చెయ్యి తిరిగిన మనిషే," అని తల ఊపి, ఎడమచెయ్యి కూడా చాచింది. "ఈ చేతికి తొడుగవా? ఒక్క చేతికే గాజులేంది?"

ఆ చెయ్యి పట్టుకొని లింగమూర్తి చాలాసేపు చాపమీదే కూర్చుండిపోయాడు. రోడ్డుమీద ఉమ్రి వ్యాపారి టెంపో ఆపి హారన్ కొట్టాడు. అతనికియ్యాల్సిన పగ్గాలు ఇంకా సగం పేననేలేదు. మళ్లీ హారన్ మోగింది. లింగమూర్తి లేచి పోయి మోటారు వేశాడు.