మూడో రింగులోపు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది ఏడుగురు. పొయ్యి దగ్గర అవ్వ రుక్కమ్మ. శామీర్‌పేట చెరువులో వల తీసి వచ్చి గడపలో కూలబడ్డ బాపు లింగం. గోడకు ఆనుకుని, పదో తరగతి చదివే లత. లత అక్క భవాని. భవానితో పాటు విమానాల్లో పనిచేసే ముగ్గురు: సూరారం సరళ, మచ్చ బొల్లారం పరమేష్, పేట్ బషీరాబాద్ హర్షిత. ఈ ఏడుగురిలో ఒకరి నోటి నుంచే మాట బయటికి పోయింది.

అవ్వ చేపల పులుసు వడ్డించింది. నాలుగు ముద్దలు తిన్నదో లేదో, సరళ తల వాలిపోయింది. ఐదో ముద్ద చేతిలోనే ఉంది. పులుసు మణికట్టు మీదుగా కారి చాప మీద చుక్కలుగా పడుతోంది.

"ఓ బిడ్డా, ముల్లుంటది! నిద్రల మింగేవు!" అవ్వ ఆమె చేతిలోంచి ముద్ద తీసేసింది. సరళ కదల్లేదు.

"ఆరు దినాల సంది మూడింటికి లేస్తాంది అవ్వా," అన్నాడు పరమేష్. "నిన్న ఒక్కనాడే నాలుగు విమానాలు. ఇయ్యాల సెలవని రాసిండ్రు. పొద్దుగాల సూస్తే ఫోన్ల డ్యూటీ మారింది. సాయంత్రం మళ్ల పోవాలె."

"నాట్లప్పుడు మేము గూడ నడుములిరిగేదాక వంగినం. గని బువ్వ కాడ నిద్రవోయినోళ్లను సూడలే," అంది అవ్వ. "మీ దొర ఎవడ్రా?"

"కనవడడు అవ్వా. ఫోన్ల ఉంటడు."

అందరూ నవ్వారు. సరళ నిద్రపోతూనే ఉంది. విమానం ఎక్కేవాళ్లకు ఆమె నవ్వు, నున్నగా దువ్విన ముడి కనిపిస్తాయి. ఆ నోటికి అందని ముద్దను ఆ ఇంట్లోవాళ్లే చూశారు.

అలసిపోయినప్పుడు "నేను ఎగరలేను" అని రాసిచ్చే హక్కు వాళ్లకు ఉంది. పోయిన నెల సరళ ఒక్కతే రాసింది. కంపెనీ ఆమెను పిలిపించి, ఇంకోసారి రాస్తే ఇంటికి పంపుతామని బెదిరించింది.

"ఒక్కతి రాస్తే బెదిరిచ్చిండ్రు. రేపు ముప్ఫై ఒక్కమందిమి రాస్తం," అంది భవాని. "ఎవలింట్లకెల్లి వాళ్లు. ఎవలి కాయిదం వాళ్లదే."

హర్షిత కంచంలో వేలు తిప్పుతూ కూర్చుంది. గుంటూరు నుంచి వచ్చి కాలనీలో ఇల్లు కట్టుకున్న కుటుంబం వాళ్లది. "విడివిడిగా రాస్తే హక్కు. ముందే కూడబలుక్కున్నామని తెలిస్తే సమ్మె అంటారు, ఉద్యోగాలు పీకేస్తారు. నాకు భయంగా ఉంది భవానీ. ఉన్న మాటే చెబుతున్నా."

"భయం నీకొక్కదానికే ఉన్నదా? మాకేమన్న బోనాల పండుగనా?" అన్నాడు పరమేష్.

గడపలోంచి లింగం అందుకున్నాడు. "కాంట్రాక్టరు చేప ధర దించిన ఏడు, మా సంఘపోళ్లం పదిహేను దినాలు వల ముట్టలే. ఒక్కడు ముట్టినా మునుగుతుంటిమి. ఎవడు ముట్టలే."

హర్షిత నిద్రపోతున్న సరళ వైపు చాలాసేపు చూసింది. "సరే. నా పేరు కూడా రాసుకోండి."

"పిచ్చిదానా, రాసుకుంటే దొరుకుతం!" అన్నాడు పరమేష్. ఈసారి హర్షిత కూడా నవ్వింది.

లేచేటప్పుడు భవాని అందరికీ చెప్పింది: "ఇంట్ల ముచ్చట ఇంట్లనే."

"లతకు జెర గట్టిగ చెప్పు," అంటూ పరమేష్ ఆటపట్టించాడు. "గా పిల్ల బడిల హాజరు గూడ పలకదట."

లత సిగ్గుతో తల దించుకుంది.

*

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉండేది. స్టాండ్‌బై అని వేసిన రోజు భవాని ఇంట్లోనే ఉన్నా కంపెనీ మనిషే. ఎప్పుడు పిలిస్తే అప్పుడు బయలుదేరాలి. మూడో రింగులోపు ఫోను ఎత్తకపోతే డ్యూటీకి రానట్టే రాసుకుంటారు. అందుకే భవాని స్నానానికి పోయినా, కాస్త కన్ను మూసినా ఫోను లత చేతికి వచ్చేది. "నమస్తే సార్. అక్క ఉన్నది, ఒక్క నిమిషం." రెండేళ్లుగా లత ఆ మాటే చెబుతోంది. అవతల ఎప్పుడూ డ్యూటీలు వేసే దీక్షిత్ సారే.

"లతా, లెక్కల పరీక్ష ఎలా రాశావమ్మా?" అని అడిగేవాడు. బడిలో టీచర్లకు లత పేరు గుర్తుండేది కాదు. దీక్షిత్ సార్‌కు గుర్తుండేది.

సోమవారం ముప్ఫై ఒక్కమందీ రాశారు. ఎనిమిదింటికల్లా విమానాలు ఆగిపోయాయని టీవీలో చెప్పారు. భవాని చాలా రోజుల తర్వాత ఒళ్లు మరిచి నిద్రపోయింది. తొమ్మిదింటికి ఫోను మోగింది. ఎత్తవద్దని లతకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు. రెండో రింగుకే ఆమె చేయి దాని మీద పడింది.

"లతా! అక్క బాగా అలిసిపోయిందటగా, పాపం. పడుకుందా?"

"అవును సార్. లేపాల్నా?"

"వద్దులే, పడుకోనీ. నిన్న ఆదివారం కదా, చేపలేనా మీ ఇంట్లో?"

"చేపలే సార్."

"అక్క స్నేహితులు కూడా తిన్నారా?"

లతకు నవ్వొచ్చింది. ఆమెను అంతసేపు మాట్లాడించేవాళ్లు ఎవరూ లేరు. "తిన్నరు సార్. సరళక్కనైతే ముద్ద చేతిల వట్టుకొనే నిద్రవోయింది."

"అయ్యో! పరమేష్, హర్షిత కూడా వచ్చారా?"

"వచ్చిండ్రు సార్. చానసేపు మాట్లాడుకున్నరు."

"ఏం మాట్లాడుకున్నారమ్మా?"

లత నోరు ఆగిపోయింది. "ఏమో సార్. నాకు తెల్వది."

"మంచిది. బాగా చదువుకో తల్లీ." ఫోను పెట్టేశాడు.

ఆ సాయంత్రానికి ఉత్తరాలు వచ్చాయి. ఆదివారం భవాని ఇంట్లో సమావేశమై కంపెనీ మీద కుట్ర చేశారని, ఉద్యోగాల నుంచి తీసేశామని. భవానికి వచ్చింది. సరళకు వచ్చింది. పరమేష్‌కు వచ్చింది. హర్షితకు రాలేదు.

*

మంగళవారం సూరారంలో సరళ వాళ్ల ఇంటి ముందు ఇరవైమంది పోగయ్యారు. అక్క చెయ్యి పట్టుకుని లత కూడా వెళ్లింది. ఉత్తరం రానిది ఎవరికో అందరికీ తెలుసు. సరళ అందరికీ వినబడేలా ఫోను పెట్టి హర్షితను పిలిచింది.

"మా ముగ్గురి నోట్ల మన్ను గొట్టి నీ రెక్కలు కాపాడుకున్నవానే?"

"నేను చెప్పలేదు సరళా. ఒట్టు."

"నీ ఒట్టు గట్టుమీద వెట్టు! భయమైతాందని ముందుగాల్నే అన్నవు గదా!"

ఫోను ఆగిపోయింది. ఇక ఆమెతో ఎవరూ మాట్లాడవద్దని అక్కడే తీర్మానించారు. అందరూ చేతులెత్తారు. భవాని చెయ్యి కూడా లేచింది. లత అక్క వెనక్కి జరిగింది.

ఎత్తవద్దని నాకెవరూ చెప్పలేదు కదా. ఆ రాత్రీ, మర్నాడంతా లత తనకు తాను అదే చెప్పుకుంది. కానీ ఆ మాట నిలబడలేదు. తెలియక చెప్పిందైతే చివరి ప్రశ్నకు నోరెందుకు ఆగింది? కుట్టుకోవలసిన నోరు అని తెలుసు. తెలిసీ, నాలుగు తియ్యని మాటలకు విప్పింది. అవ్వ పెట్టిన అన్నం కంచంలోనే వదిలి లేచింది.

గురువారానికి సరళ వాళ్ల ఇంటి ముందు ఆ ఇరవైమంది పదకొండుమంది అయ్యారు. మిగిలినవాళ్లు యూనిఫాం ఇస్త్రీ చేసుకుని డ్యూటీకి పోయారు.

"మనం గూడ మాఫీ కాయిదం రాద్దాం," అన్నాడు పరమేష్ నేల చూపులు చూస్తూ. "హర్షిత అసొంటోళ్లు నడుమ ఉంటే ఏ సంఘం నిలవదు. తప్పయింది, తీసుకోండ్రి సార్ అంటే అయిపోతది."

లత లేచి నిలబడింది.

"హర్షితక్క గాదు," అంది. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అంది, గొంతు చీలేలా. "హర్షితక్క గాదు! నేను. ఫోన్ల సార్‌కు నేనే చెప్పిన."

భవాని చెయ్యి చెంప మీద పడింది. రెండోసారి లేచిన చేతిని సరళ పట్టుకుంది.

"ఆగు భవానీ. నలుగురం కూసుంటే ఆ దీక్షిత్ ముగ్గురికే ఎందుకిచ్చిండు ఉత్తరం? ఒక్కదాన్ని ఎందుకు ఇడిచిండు?" సరళ భవాని చేతిని వదిలింది. "మనం మనం కొట్టుకోవాల్ననే ఇడిచిండు. వాడు గిర్ర గీస్తే మనం అండ్ల దుంకినం."

పరమేష్ చేతిలోని తెల్ల కాగితాన్ని నలిపేశాడు. "ఇగ దాసుడు గీసుడు లేదు. ఎట్లనో బయటవడ్డది. ఈసారి ఉన్నోళ్లమంత ఒక్కటే కాయిదం మీద సంతకాలు వెడ్దాం. అందరం కలిసే అనుకున్నం, ఏం జేసుకుంటరో జేసుకోండ్రి అందాం. నడువుండ్రి, ముందుగాల హర్షిత కాడికి."

*

పేట్ బషీరాబాద్‌లో హర్షిత వాళ్ల ఇంటికి చేరేసరికి నాలుగైంది. గుమ్మం ముందు అప్పటికే ఒక చెప్పుల కుప్ప ఉంది. హర్షితే తలుపు తీసింది. కళ్ల కింద నల్లగా ఉంది.

"నోరు వారేసుకున్న," అంది సరళ చేతులు జోడించి. "ఫోన్ల సార్‌కు చెప్పింది లతనట, ఇయ్యాలనే ఒప్పుకున్నది. నీ కాళ్లు మొక్కుత."

"కాళ్లెందుకు, లోపలికి రండి. మీరు నన్ను తిట్టిన రోజు నుంచీ నేనూ డ్యూటీకి పోలేదు. ఉత్తరం రాలేదు కదా, డ్యూటీకి రమ్మని కంపెనీవాళ్లు రోజూ ఫోన్లు చేస్తూనే ఉన్నారు. తిరిగి వెళ్లినవాళ్లలో తొమ్మిదిమందిని ఒక్కొక్కరింటికీ వెళ్లి పిలుచుకొచ్చా. లోపలున్నారు."

ఒక్కొక్కరే చెప్పులు విడిచి లోపలికి నడిచారు. చివర భవాని, ఆమె వెనక లత. గడప మీద పెట్టబోయిన లత కాలిని హర్షిత చూసింది.

"ఈ పిల్ల వద్దు."

"చిన్నది హర్షితా," అంది భవాని. "తనంతల తనే ఒప్పుకున్నది."

"ఒప్పుకుంది. మూడు రోజుల తర్వాత. ఆ మూడు రోజులూ మా నాన్నగారు కూడా 'నిజం చెప్పమ్మా, నువ్వే కదూ' అని అడిగారు." హర్షిత గొంతు పెంచలేదు. "నాకు కోపం లేదు భవానీ. లోపల ఇరవైమంది బతుకులున్నాయి. రేపు పది గంటలకు కంపెనీ గేటు ముందు నిలబడేదాకా ఈ మాట బయటికి పోకూడదు."

లత అక్క వైపు చూసింది. భవాని చెప్పులు విడిచి, లోపలికి వెళ్లిపోయింది.

లోపల సరళ గొంతు వినిపించింది: "కాయిదం నడుమ వెట్టుండ్రి. మొదటి సంతకం నాది." చాప మీద మనుషులు సర్దుకుంటున్న చప్పుడు. ఎవరో పెన్ను అడిగారు.

"చెప్పను అక్కా," అంది లత. "ఇగ ఎవలకు చెప్పను."

హర్షిత ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత తలుపు వేసింది.