మామయ్య వాచిన కన్ను

నందిగామ బస్టాండులో ప్రేమానందం పట్టపగలు కుప్పకూలితే, గ్లాసుడు నీళ్ళిచ్చిన పాపాన ఎవరూ పోలేదు. "పొద్దున్నే పట్టించాడు మహానుభావుడు" అని ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన ఆయన చెప్పులు కాలితో పక్కకు నెట్టి, దారి చేసుకుని జగ్గయ్యపేట బస్సెక్కాడు. అదే బస్సులో కూర్చున్న, వాళ్ళ జగ్గయ్యపేట చర్చి పెద్ద దేవరాజ్ మాత్రం గబగబా దిగొచ్చి, ఆయన్ని లేపి, ఆటోలో కూర్చోబెట్టి, ఆ ఊళ్ళోనే టీచరుగా చేస్తున్న ప్రేమానందం చెల్లెలు రోజారమణి ఇంటికి చేర్చాడు. అక్కడిదాకా బాగానే ఉంది. సాయంత్రం జగ్గయ్యపేట చేరాక ప్రేమానందం తాగి పడ్డాడని నలుగురి దగ్గరా అనకుండా ఉండలేకపోయాడు.

విజయవాడలో పరీక్షలు చేసిన డాక్టరు, గుండె సాగి పెద్దదైపోయిందనీ, కొట్టుకోవడంలో లయ తప్పుతోందనీ చెప్పాడు. ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నారని అడిగాడు. అలవాటు లేదండీ అన్నాడు ప్రేమానందం. ఆ జవాబు రోజూ పదిమంది నోట వినేవాడు కాబట్టి డాక్టరు చిన్నగా నవ్వి, మందులు రాసిచ్చాడు. పక్కనే కూర్చున్న భార్య ఆరోగ్యమ్మ ఆ నవ్వు చూసింది. ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా పడుకుంది.

పైగా ఇంట్లో గోడమీద ఫొటో ఒకటుందాయె. ప్రేమానందం సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇరవయ్యేళ్ళకు పైనే అయింది, కొత్త ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వెళ్ళిన జట్టుతో బొలీవియా దేశం పోయి రెండేళ్ళు ఉండొచ్చాడు. ఫొటో అక్కడిది. నెత్తిన పసుప్పచ్చ హెల్మెట్, చేతిలో స్పానరు. ఎడమ కన్ను రెప్పలు రెండూ ఊదారంగుగా ఉబ్బి పూర్తిగా మూసుకుపోయి ఉంటే, కుడికంటితోనే నవ్వుతున్నాడు. ఆ ఫొటో చూసి నవ్వనివాళ్ళు ఆ కుటుంబంలో లేరు. పెళ్ళిళ్ళలో బావమరుదులు "ఎవడి చేత తన్నులు తిన్నావు బావా?" అని ఆటపట్టించేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. బస్టాండు సంగతి పాకాక మాత్రం ఆ వేళాకోళమే సాక్ష్యమైపోయింది. పరాయి దేశంలో తాగి తన్నించుకున్నాడు, అలవాటు అప్పటిదన్నమాట, అని అందరూ తేల్చేశారు.

అందరికన్నా గట్టిగా తేల్చింది రోజారమణి కూతురు క్రిస్టీ. ఇంటిల్లిపాదిలో గుండె గురించి చదివింది ఆ పిల్ల ఒక్కతే. హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. క్రిస్మస్‌కి మామయ్య వాళ్ళింటికి వచ్చినప్పుడు, మందు పడితే గుండె కండ ఎలా వదులవుతుందో కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. "దాచుకోకు మామయ్యా, ఇప్పుడు మానేసినా కొంత తిరిగొస్తుంది" అంది. ప్రేమానందం బొమ్మ వంక చూశాడు, మేనకోడలి వంక చూశాడు. ప్లేట్లో జీడిపప్పు ఎక్కువున్న కేకుముక్క ఏరి ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

చదువుకున్న పిల్ల కూడా అన్నాక ఇంకేముంది! ప్రేమానందాన్ని బల్లకు దూరం పెట్టారు. నెలలో మొదటి ఆదివారం ఆ చర్చిలో ప్రభువు బల్ల. రొట్టెముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం అందరికీ పంచుతారు. తప్పు చేసినవాళ్ళు సరిదిద్దుకునేదాకా అది తీసుకోకూడదు. శనివారం సాయంత్రం నల్లద్రాక్ష ఉడికించి రసం తీయడం, రొట్టె అంచులు కోసి ముక్కలు చేయడం ఏళ్ళ తరబడి ఆరోగ్యమ్మ ఇంట్లో జరిగిన పని. రొట్టె కోసేది ప్రేమానందమే. ఫిట్టరు చెయ్యి కదా, ముక్కలన్నీ ఒక్క కొలతలో తెగేవి. పాస్టరు వెస్లీ అయ్యగారు మెత్తని మనిషి, "కొన్నాళ్ళు ఆగండి" అని మెల్లగానే చెప్పారు. ఆ చిన్న గ్లాసుల పెట్టె దేవరాజ్ ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ప్రేమానందం వెనక బెంచీలో కూర్చునేవాడు. పళ్ళెం ఆయన ముందు బెంచీ దాకా వచ్చి తిరిగిపోయేది. ఎవరితోనూ వాదించలేదు.

ఇక క్రిస్టీ చదువు సంగతి. ఆ పిల్ల పని చేసేది మన దేశంలో కనబడని జబ్బు మీద. చాగస్ అంటారు. దక్షిణ అమెరికాలో మట్టిగోడల పగుళ్ళలో నల్లిజాతి పురుగొకటి ఉంటుంది. రాత్రి నిద్రలో మొహం మీద కుట్టి రక్తం తాగి, అక్కడే రెట్ట వేసి పోతుంది. నిద్రమత్తులో నలుపుకుంటే ఆ రెట్టలోని క్రిమి కంట్లోంచి లోపలికి చేరుతుంది. కొన్నాళ్ళు జ్వరం, ఆ తర్వాత ఏళ్ళ తరబడి చడీచప్పుడూ ఉండదు. మనిషి మర్చిపోయాక గుండె పాడవడం బయటపడుతుంది. లోపల మిగిలిన క్రిములు వెతికినా దొరకనంత తక్కువ, పాడైన కండ మాత్రం బోలెడంత. ఇదెలా జరుగుతుందన్నదే క్రిస్టీ గైడు సింధూర మేడమ్ పట్టుకున్న ప్రశ్న. గాజుగిన్నెలో పెంచిన గుండెకణాలు టిక్కుటిక్కుమని కొట్టుకుంటూ ఉంటే, వాటిలోకి ఆ క్రిముల్ని వదిలి, ఏది ఎప్పుడు ఆగిపోతుందో మైక్రోస్కోపులో చూస్తూ కూర్చోవడం క్రిస్టీ పని.

ఫిబ్రవరిలో నందిగామ కాలేజీ వాళ్ళు, మన ఊరి పిల్ల వచ్చి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. ముందురోజు చిల్లకల్లు దగ్గర బస్సు దిగి, మామయ్యని చూసిపోదామని ఆటోలో జగ్గయ్యపేట వచ్చింది. ఆరోగ్యమ్మ టీ పెడుతుంటే ముందుగదిలో కూర్చుని, మర్నాడు చూపించాల్సిన బొమ్మలు లాప్‌టాప్‌లో సర్దుకుంటోంది. చాగస్ గురించి ఎవరు చెప్పినా మొదట చూపించే బొమ్మ ఒకటే. జబ్బు తగిలిన కొత్తలో ఓ పసివాడి మొహం. ఒక్క కన్నే ఉబ్బి, ఊదారంగుగా మూసుకుపోయి ఉంటుంది. క్రిమి లోపలికి వెళ్ళిన గుమ్మం అదేనని ఎన్ని సభల్లో చెప్పిందో క్రిస్టీ. ఆ బొమ్మ మధ్యకు జరిపి తలెత్తింది. ఎదురుగా గోడమీద మామయ్య, ఒంటికంటితో నవ్వుతూ.

క్రిస్టీ లేచి ఫొటో దగ్గరికి వెళ్ళింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్న ఫొటో. చిన్నప్పుడు ఒక కన్ను మూసుకుని మామయ్యని వెక్కిరించింది కూడా తనే. చాగస్ మన దగ్గర లేదు అని ఎప్పుడో మనసులో గీత గీసుకుంది గానీ, మామయ్య ఆ గీత దాటి వెళ్ళొచ్చాడన్న ధ్యాసే లేకపోయింది. బుర్ర ఉండి ఏం లాభం!

పెరట్లో కుర్చీ వేసుకుని ఆయాసపడుతూ కూర్చున్న ప్రేమానందం దగ్గరికి పరిగెత్తింది.

"మామయ్యా, ఆ కన్ను వాచినప్పుడు నొప్పుందా?"

"ఇప్పుడెందుకే ఆ గోల?"

"చెప్పు మామయ్యా."

"నొప్పెక్కడిది? అదేగా తమాషా. అంత వాచినా నొప్పి లేదు. పొద్దున లేచేసరికి అలా ఉంది. జ్వరం తగిలి పదిరోజులు వదల్లేదు."

ఎక్కడ పడుకునేవాడివని అడిగింది. క్యాంపు షెడ్లు తయారుకాక మొదటి ఆర్నెల్లూ ఊళ్ళో ఓ ముసలామె ఇంట్లో ఉన్నామనీ, మట్టిగోడలు, పైన గడ్డి కప్పు, అచ్చం మన పాకలాగే ఉండేదనీ చెప్పాడు. గోడల్లో పే...ద్ద నల్లులుండేవనీ, ముసలామె రోజూ చెప్పు పుచ్చుకుని వాటిని కొట్టేదనీ నవ్వాడు. వాటికేదో పేరుందే అని తల గోక్కుని, కాసేపటికి గుర్తుతెచ్చుకున్నాడు.

"వించూకా."

క్రిస్టీ అక్కడే ఇసుకలో ఆయన ముందు కూర్చుంది. తను రాసిన ప్రతి వ్యాసంలోనూ మొదటి పేజీలో ఉండే పేరు అది. మామయ్య మోకాళ్ళు పట్టుకుని ఏడుస్తూనే అంతా చెప్పింది. రక్తపరీక్ష చేయించాలంది. ఒకటి కాదు, రెండు రకాల పరీక్షలు చేసి, రెండిట్లోనూ తేలితేనే నమ్ముతారంది. మేడమ్ ద్వారా పెద్ద డాక్టర్ని పట్టుకుంటానంది.

ప్రేమానందం ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు. "అలాగే తీసుకో అమ్మడూ. ఎంత కావాలంటే అంత తీసుకో. కానీ ఒక్క మాట. అందులో ఏమీ లేదని వస్తే? అప్పుడు నేను తాగుబోతునేనా?"

టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆరోగ్యమ్మ ఆ మాట విన్నది. గ్లాసులు గట్టుమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత వంటింట్లో అత్తయ్యకు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. క్రిములు గుండె కండలో దూరి దాక్కుంటాయనీ, వాటిని పట్టుకోవడానికి మన రక్తంలోని కాపలా కణాలు వెంటపడతాయనీ చెప్పింది. క్రిములు కొంత కండ తింటాయి, నిజమే. కానీ ఏళ్ళ తరబడి ఆ కాపలావాళ్ళు గుండెనే గుద్దుతూ ఉంటారు, కండ పోయినచోట గట్టి మచ్చ మిగులుతుంది, అందుకే గుండె సాగిపోయి లయ తప్పుతుంది అంది. ఆరోగ్యమ్మ వంకాయలు తరగడం ఆపింది.

"అంటే, ఎక్కువ కొట్టింది మనవాళ్ళేనా?"

"కాపాడదామనే అత్తయ్యా."

"అవును. కాపాడదామనే" అంది ఆరోగ్యమ్మ. మళ్ళీ కత్తిపీట అందుకోలేదు. ఆ పూట కూర, రోజారమణి ఫోన్ చేసి ఏం వండావని అడిగేదాకా పొయ్యెక్కలేదు.

రక్తం హైదరాబాదు వెళ్ళింది. మన దేశంలో ఈ పరీక్ష అడిగేవాళ్ళే ఉండరు కాబట్టి, అది తేలడానికి వారాలు పట్టింది. మార్చి మొదటి ఆదివారం ముందు శనివారం సింధూర మేడమ్ ఫోన్ చేసి సంగతి చెప్పింది. మామయ్యకు ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక, క్రిస్టీ తెల్లవారుజామున బస్సెక్కింది. ఆరాధన మొదలవకముందే వెస్లీ అయ్యగారికి చెప్పేసి, మామయ్యకు బల్ల ఇప్పించాలని దాని ఆత్రం.

చర్చి గేటు దగ్గరే ఆరోగ్యమ్మ ఎదురైంది. బల్ల ఆదివారం కట్టుకునే తెల్లచీరలో ఉంది.

"అత్తయ్యా, పరీక్ష వచ్చేసింది."

"ఇప్పుడు చెప్పకు."

"అది కాదత్తయ్యా..."

"ఏదైనా కానీ. బల్ల అయ్యాక చెప్పు. అయ్యగారికీ చెప్పొద్దు." ఆమె క్రిస్టీ చెయ్యి పట్టుకుంది. "డాక్టరు చెప్పాడని అనుమానించా. ఇప్పుడు ఇంకో డాక్టరు చెప్పాడని నమ్మమంటావా? నేను ముప్పయ్యేళ్ళు కాపురం చేసా ఆయనతో. ఆ నోట వాసన నాకు తెలీదూ?"

క్రిస్టీ స్త్రీలవైపు వెళ్ళి కూర్చుంది. పాటలయ్యాయి, వాక్యం అయింది. దేవరాజ్ రొట్టె పళ్ళెం పట్టుకుని పురుషుల వైపు ఒక్కో బెంచీకీ అందిస్తూ వచ్చాడు. వెనక నుంచి రెండో బెంచీ దాకా వచ్చి, ఎప్పట్లాగే తిరగబోయాడు. అప్పుడు లేచింది ఆరోగ్యమ్మ. ఆడవాళ్ళ వైపు నుంచి నడవ దాటి మగవాళ్ళ వైపు వెళ్ళింది. ఆ చర్చిలో ఆరాధన మధ్యలో అలా దాటిన ఆడమనిషి లేదు.

"ఇటివ్వండి దేవరాజ్ గారూ."

దేవరాజ్ బిత్తరపోయి పళ్ళెం ఇచ్చేశాడు. ఆమె వెళ్ళి వెనక బెంచీలో భర్త ముందు నిలబడి పళ్ళెం చాచింది. ప్రేమానందం పళ్ళెం వంక చూడలేదు, ఆమె మొహంలోకే చూశాడు.

"నువ్వు తీసుకున్నావా?"

"మీరు తీసుకోందే నేనెప్పుడన్నా తిన్నానా?" అంది. అని, అందరూ చూస్తుండగానే ఏడ్చేసింది.

చర్చంతా వెస్లీ అయ్యగారి వైపు తిరిగింది. ఆయనే బల్ల మీది ద్రాక్షరసం గ్లాసొకటి పట్టుకుని నడుచుకుంటూ వెనక బెంచీ దాకా వచ్చారు. ప్రేమానందం రొట్టెముక్క తీసుకున్నాడు. ముక్క వంకరగా కోసి ఉంది. ఆయన దాన్ని ఓసారి తిప్పి చూసి నోట్లో పెట్టుకున్నాడు.

ఆరాధన అయ్యాక క్రిస్టీ చెప్పింది. రెండు పరీక్షల్లోనూ చాగస్ ఉందని తేలింది. దేవరాజ్ వచ్చి ప్రేమానందం చెయ్యి పట్టుకుని వదల్లేదు. "బస్టాండులో దిగొచ్చింది నువ్వొక్కడివేగా, ఊరుకో" అన్నాడు ప్రేమానందం. ఆ తర్వాత జరగాల్సింది కూడా క్రిస్టీ దాచకుండా చెప్పింది. గుండె లయ తప్పకుండా ఛాతీలో పేస్‌మేకర్ పెట్టాలి, మందులు వాడుతూనే ఉండాలి.

"పోయిన కండ మళ్ళీ రాదా?" అని అడిగింది ఆరోగ్యమ్మ.

"రాదత్తయ్యా. ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి."

ఆటో వద్దు, నడుద్దామన్నాడు ప్రేమానందం. మెయిన్ రోడ్డు మీద కాస్త దూరం పోయాక ఊపిరి అందక, మూసి ఉన్న కొట్టు అరుగు మీద కూలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. తల పక్కకు వాలింది. అటుగా వచ్చిన నందిగామ బస్సు మలుపు దగ్గర నెమ్మదించింది. కిటికీల్లోంచి మొహాలు చూశాయి. ఎవరో నవ్వారు. క్రిస్టీ అడ్డంగా నిలబడబోయింది.

ఆరోగ్యమ్మ దాన్ని పక్కకు జరగమంది. దుమ్ము కొట్టుకుపోయిన ఆ అరుగు మీద తెల్లచీరతోనే ఆయన పక్కన కూర్చుని, ఆయన తల తన భుజానికి ఆనించుకుంది.

"కూర్చోండి. మనకేం తొందర లేదు" అంది.