నీలి గౌను కుట్లు

పరదేశపు డాక్టరమ్మ గౌనును నేను ముక్కలు ముక్కలుగా విప్పేశాను. ఎందుకు విప్పనూ? ఉతకాలంటే ముందు కుట్లు విప్పాలి. ఉతికి, గంజి పెట్టి, కర్రలతో బాది, మళ్ళీ కుట్టాలి. సియోల్‌లో ఏ ఇల్లాలైనా చేసేది ఇదే.

డాక్టరమ్మ రోజు విడిచి రోజు నా కూతురు బున్‌నేకు కళ్ళలో మందు వేస్తోంది. మొదట్లో పిల్లకు దీపం వెలుగు కూడా తెలిసేది కాదు. ఇప్పుడు గోడలు తడుముకోకుండా నడుస్తోంది. ఆవిడ పైసా పుచ్చుకోదు. అందుకే బట్టలుతుకుతానని నేనే వెంటపడ్డాను. ఇన్నాళ్ళూ దుప్పట్లే ఇచ్చింది. మొన్ననే మొదటిసారి ఈ నీలి గౌను ఇచ్చింది.

తిరిగి కుట్టబోతే చుక్కలు కనిపించాయి. మన బట్టల్లో ముక్కలన్నీ తిన్నగా ఉంటాయి. ఇందులో ఒక్కటీ తిన్నగా లేదు. పైగా నడుము బిగువుగా నిలవడానికి గుడ్డ లోపల దూర్చిన ఎముక పుల్లలు. వాటిని ఎక్కడ పెట్టాలో మా తాతకు కూడా తెలియదు. కూర్చోలేను, నిలబడలేను. పొయ్యి మీద కొర్రన్నం మాడిపోయింది.

ఆ వాసనకు పక్కింట్లో ఉండే వాంగ్‌సిమ్ని ఊరి అత్త వచ్చింది.

"కోడికి ఈకలు పీకడమే వచ్చా, అతికించడం రాదా బున్‌నే తల్లీ?"

"నీకు నవ్వులాటగా ఉందా అత్తా? ఆవిడకి కోపమొస్తే పిల్ల కళ్ళేం గాను?"

"పరదేశీలు పిల్లల కళ్ళు పీకి మందుల్లో కలుపుతారని ఊరంతా మొత్తుకుంటుంటే, నువ్వే పిల్లను తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పడేశావు."

"పీకేదైతే ఈపాటికి పీకేసేదే," అన్నాను. గౌను ముక్కలన్నీ మూటగట్టాను.

పిల్లను ఒక చేత్తో, మూటను ఒక చేత్తో పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఒక ముక్క తీసుకుని అంచున సూది చిల్లులు తడిమింది.

"దారం?" అంది.

"వాగులో పారేశానమ్మగారూ. పాత దారమే కదా."

ఆవిడ మన మాటలు వెతుక్కుని చెప్పింది. "అమ్మ కుట్టింది. మా అమ్మ. ఇప్పుడు లేదు."

నేను నేలకు నుదురానించి ఉండిపోయాను. చెంప పగలగొట్టినా బాగుండేది. ఆవిడ లేచి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది. బున్‌నే తల ఒళ్ళో పెట్టుకుంది. మొదటి చుక్క తప్పి పిల్ల చెంప మీద పడింది. కాసేపు ఆగి, రెండోది సరిగ్గా కంట్లో వేసింది.

బున్‌నే రెప్పలార్పి ఆవిడ ముఖంలోకి చూసింది.

"అమ్మా, డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళున్నాయే," అంది.

అంత చిన్న తడి నా బిడ్డ కంటికి ఆనింది. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక నేను తల ఎత్తలేకపోయాను.