కంచె పక్క మగచెట్టు

పెనుగాలి మా కొండ మీది జాజికాయ చెట్లను వేళ్ళతో సహా పెకలించాక నేను నలభై మొక్కలు నాటాను. జాజి మొక్క ఆడదో మగదో పూత వచ్చేదాకా దేవుడికి కూడా తెలియదు. ఏడేళ్ళు కలుపు తీసి, ఎరువు పోసి సాకితే పంతొమ్మిది మగవని తేలింది. కాయ కాయని చెట్లకా ఇంత మేపు! నా ఒళ్ళు మండిపోయింది.

పుప్పొడి కోసం పదింటికి ఒక మగచెట్టు ఉంచాలని మా నాన్న చెప్పేవాడు. చోటు దండగనిపించింది. పక్క తోట యూట్రిస్ ముసలమ్మది, మా దీవిలో అత్తను పిలిచినట్టు ఊరంతా ఆవిడను టాంటీ అంటాం. పెద్దమనిషి, ఆవిడ ఉంచకపోతుందా, పుప్పొడి మోసే పురుగులు కంచె చూసి ఆగవు కదా అనుకుని పంతొమ్మిదీ నరికేశాను.

మరుసటి పూతకు కాయలు దిగకపోతే కొండ మీది గోదాము మూసేస్తామని కొనేవాళ్ళు ముందే చెప్పారు. అది పోతే జాజికాయ తోటలు ఉండవు, అందరం అరటి వేసుకోవలసిందే. పూత బాగా వచ్చింది. వచ్చినట్టే రాలిపోయింది. కంచె దగ్గరికి పరుగెత్తాను.

"టాంటీ, నీ చెట్లు కాశాయా?"

"నా మొహం కాశాయి! నీ మగచెట్లకి ఏం తెగులొచ్చిందిరా, కత్‌బర్ట్?"

"నావా? నీవేవి?"

"పోయినేడే కొట్టించేశా. కంచె పక్కన నీది ఉంది కదా అనుకున్నా."

కింద తోట ఆల్విన్‌ని అడిగాం. వాడు మా ఇద్దరినీ నమ్ముకున్నాడట! మొదటికే మోసం వచ్చింది. గోదాముకు తాళం పడిన రోజు సిగ్గుతో నేను ఇల్లు కదల్లేదు.

మర్నాడు టాంటీయే వచ్చింది. అవతలి కొండ నుంచి తెచ్చిన మగకొమ్మ చేతిలో ఉంది. నన్ను తన తోటలోకి లాక్కెళ్ళి, ఉన్నవాటిలో బాగా ఎదిగిన ఆడచెట్టుకు గాటు పెట్టింది.

"దీనికా అంటు? విడిగా ఒక మగచెట్టు పెంచుకోవచ్చు కదా."

"విడిగా ఉంటే మళ్ళీ కొడతావు. నేనూ కొడతా. కాయలిచ్చే చెట్టు మీదే ఉంటే ఏ వెధవా కొట్టడు."

"ఇది పూసేసరికి మూడేళ్ళు. అప్పటికి కొనేవాడుంటాడా?"

ఆవిడ నా వైపు చూడలేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ చేతులతో తాడు చుడుతోంది.

"ఉండడేమోరా. కొమ్మ కదలనివ్వకు."

కొమ్మను రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. ముడి బిగిసేదాకా వదల్లేదు.