పట్టీ వదలం

తాపీమేస్త్రీ పడిపోవడం మేమంతా చూశాం. ఆసుపత్రిలో నడక నేర్పే గదినిండా జనం. రెండు కడ్డీల మధ్య నిలబడి, పక్షవాతం వచ్చిన కాలిని ఈడ్చుకుంటూ అతను అడుగు వేస్తున్నాడు. అతని నడుముకి కట్టిన పట్టీని గట్టిగా పట్టుకుని మాతో పనిచేసే మాస్టారు వెనకే నడుస్తున్నాడు. అంతలో సూపర్‌వైజర్ కేకేశాడు.

"అక్కడే ఎంతసేపయ్యా? ఈ మూలన ముగ్గురు కూర్చునున్నారు. రా!"

"కూర్చోబెట్టి వస్తా సార్."

"రమ్మంటే రావాలి. ఈ నెల జీతం కావాలా వద్దా?"

మాస్టారు పట్టీ వదిలాడు. మేస్త్రీ బోర్లా పడ్డాడు. నుదురు చిట్లింది.

మధ్యాహ్నానికల్లా తప్పంతా మాస్టారి నెత్తిన రుద్ది పనిలోంచి తీసేశారు. "మనిషిని కూర్చోబెట్టకుండా పట్టీ వదలడం నేరం" అన్నాడు అదే సూపర్‌వైజర్, రెప్పయినా వేయకుండా. మా అందరికీ ఒళ్ళు మండింది. ఒక్కరి నోరూ పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో చెప్పాలి.

మాది ఫిజియోథెరపీ. పడిపోయినవాళ్ళని లేపి నిలబెట్టే చదువు. ఆ చదువు చెప్పిన కాలేజీ, ఈ ఆసుపత్రీ ఒకే యజమానివి. బ్యాంకులో అప్పు చేసి ఫీజులన్నీ అతనికే పోశాం. ఇప్పుడు అతనిచ్చే జీతంలో సగం పైగా ఆ అప్పుకే పోతుంది. మిగిలినదాంతో అద్దె కట్టాలి, బస్సెక్కాలి, తినాలి. మా తోటి ఉద్యోగే అయినా అతన్ని మాస్టారని పిలిచేది ఈ అప్పుల లెక్కల వల్లే. ఎవరి అప్పు ఎప్పటికి తీరుతుందో అన్నం తింటూ నోటితోనే లెక్కగట్టేవాడు. "నీ అప్పు తీరేసరికి నీ మోకాళ్ళు అరిగిపోతాయమ్మా. అప్పుడు నీకు వైద్యం చేసేవాడు కొత్తగా అప్పు చేసి వచ్చుంటాడు" అనేవాడు నాతో. నవ్వేవాళ్ళం. నవ్వడానికి కూడా ఓపిక కావాలి, సగంలోనే ఆగిపోయేవాళ్ళం.

నా అప్పుకి హామీ సంతకం పెట్టింది మా అక్క. కుట్టుమిషన్ మీద బతుకుతోంది. నేను కట్టకపోతే బ్యాంకువాళ్ళు వచ్చి నిలబడేది ఆమె గుమ్మంలోనే.

ఆ సాయంత్రం దుప్పట్లు మడతపెట్టే గదిలో కలిశాం. మాస్టారు కూడా వచ్చాడు. గేటు కాపలాదారు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"సమ్మె చేద్దాం" అంది ఒకామె.

"చేస్తే రోగుల గతేంటి? వాళ్ళేం పాపం చేశారు?"

"మనం బయటికి పోతే యజమాని తన కాలేజీ ఆఖరి ఏడాది పిల్లల్ని దింపుతాడు. వాళ్ళు జీతం లేకుండా చేస్తారు. ఫీజు కట్టి మరీ చేస్తారు!"

"నాకు ఇద్దరు పిల్లలు. నన్నొదిలేయండి" అన్నాడు మాలో అందరికంటే పెద్దాయన. "బుద్ధి గడ్డితిని ఈ చదువు చదివాం. అనుభవిస్తున్నాం."

"చదువుదేం తప్పు సార్?" అన్నాను. "చదివించీ సంపాదిస్తున్నాడు, చేయించీ సంపాదిస్తున్నాడు. తప్పు అక్కడుంది." అంత మాట అంటానని నేనూ అనుకోలేదు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "నన్నెందుకు తీసేశారు? కూర్చోబెట్టకుండా పట్టీ వదిలానని. సరే, వాళ్ళ మాటే పాటించండి. రేపు పనికి రండి. ఒకరికి ఒకరే. మనిషిని కూర్చోబెట్టేదాకా పట్టీ వదలొద్దు. ఎవడు పిలిచినా సరే."

మర్నాడు అలాగే చేశాం. అంతకుముందు ఒక్కొక్కరం ఒకేసారి నలుగురిని చూసేవాళ్ళం. ఇప్పుడు చూస్తుండగానే వరండా నిండిపోయింది.

"జీతాలు తీసుకుంటూ ఈ నత్తనడకేంటి?" అని వరుసలో ఉన్న ఒక ముసలాయన విరుచుకుపడ్డాడు.

మేస్త్రీ భార్య లేచింది. నుదుటికి కట్టుతో మేస్త్రీ పక్కనే కూర్చునున్నాడు.

"నిన్నటిదాకా పూర్తి డబ్బు కట్టి పావు వైద్యం చేయించుకున్నాం బాబాయ్. మా ఆయన నుదురు చూడు. ఇవాళే మనిషి మీద చెయ్యి తియ్యకుండా చేస్తున్నారు. ఆగలేకపోతే నీ వంతు నాకియ్యి."

ముసలాయన గొణుక్కుంటూ కూర్చున్నాడు. ఇక సూపర్‌వైజర్ ఆఖరి ఏడాది పిల్లల్ని తోలుకొచ్చాడు. "తలా నలుగురిని చూడండి. మీ మార్కులు నా చేతిలో ఉన్నాయి."

ఒక అమ్మాయి ముసలామెను లేపి పట్టీ పట్టుకుంది.

"అది వదిలేసి ఇటు రా."

అమ్మాయి పట్టీని ఇంకా బిగించి పట్టుకుంది. "కూర్చోబెట్టి వస్తాను సార్."

"వినపడలేదా?"

"వినపడింది సార్. ఫీజు కట్టి నేర్చుకుంది ఇదే."

మిగతా పిల్లలూ తలా ఒకరి పట్టీ పట్టుకుని నిలబడ్డారు. గదిలో ఒక్కరూ అతని వైపు కదల్లేదు. అతను దగ్గర్లో ఉన్న నా మీద పడ్డాడు.

"ఇదంతా నువ్వు ఎక్కించిందే. బయటికి పో! నీ అప్పు ఎవడు తీరుస్తాడో చూస్తాను."

నా చేతిలో ఉన్న మనిషిని కూర్చోబెట్టి, అప్పుడు బయటికి నడిచాను. గేటు దగ్గర మాస్టారు కూర్చునున్నాడు. అతని పక్కన నిలబడి అక్కకి ఫోన్ చేశాను.

"ఉద్యోగం పోయిందక్కా."

మిషన్ చప్పుడు ఆగింది. "తల దించుకుని పని చేసుకోమని ఎన్నిసార్లు చెప్పానే! నీకేం, నువ్వు వీరనారివి. వాళ్ళొచ్చి పడేది నా మీద." ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. చాలా అలసటగా ఉంది, అక్కడే కూలబడిపోయాను.

"మిగతావాళ్ళో?" అంది.

"లోపలే ఉన్నారు. ఎవరూ వదల్లేదక్కా. పిల్లలు కూడా."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"మరి నువ్వు ఇంటికొచ్చి ఏం చేస్తావ్? అక్కడే కూర్చో. బ్యాంకువాళ్ళొస్తే ఆ గేటు దగ్గరికే పంపిస్తా."

రెండో షిఫ్టువాళ్ళు బస్సు దిగుతున్నారు. పట్టీ వదలొద్దని చెప్పడానికి మాస్టారూ నేనూ లేచి వాళ్ళకి ఎదురెళ్ళాం.